ఓడెక్కే సామానుకు ముందు జాబితా

ఇల్లు సర్దుకుని విదేశం వెళ్లేవాళ్ల ఇంటికి వెళ్లి, సామానంతా చూసి, కొలిచి, పంపడానికి ఎంతవుతుందో చెప్పడం నా ఉద్యోగం. ప్యాకింగ్ కంపెనీల్లో దీన్ని సర్వే అంటాం. చేతిలో టేపు, ట్యాబు పట్టుకుని కూకట్‌పల్లి, మియాపూర్, కొండాపూర్, దిల్‌సుఖ్‌నగర్ అపార్టుమెంట్లన్నీ తిరుగుతుంటాను. ఏ తలుపు తీసినా మొదటి ప్రశ్న ఒక్కటే: “కిలోకెంత తీసుకుంటారు మేడమ్?”

ఓడలో వెళ్లే ఇంటి సామానుకు కిలో ధర ఉండదు. అక్కడ అమ్మేది చోటు. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే ఏది తీసుకెళ్లాలో, ఏది వదిలేయాలో సగం తేలిపోతుంది. మిగతా సగం తేల్చేది జాబితా. ఏ పెట్టెలో ఏముందో వరుసగా రాసే ఆ కాగితాన్ని ప్యాకింగ్ లిస్టు అంటాం. కస్టమ్స్ వాళ్లు చూసేది అదే, బీమా కంపెనీ అడిగేదీ అదే. ప్యాకింగ్ రోజున గాబరాగా రాయించుకునే కాగితం కాదది. కనీసం నెల ముందు ఇంట్లో కూర్చుని మొదలుపెట్టాలి.

పరుపు ఖరీదు, పుస్తకం చవక

మా కొలత ఘనమీటరు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. వాడుకలో సీబీఎం అంటాం. 20 అడుగుల కంటెయినర్ లోపల దాదాపు 33 సీబీఎంల చోటుంటుంది. కుర్చీ కాళ్ల మధ్యా, పెట్టెల సందుల్లోనూ ఖాళీ పోను 25 నుంచి 28 దాకా పడుతుంది. అంత సామాను లేనివాళ్లది ఇతరుల సరుకుతో కలిపి ఒకే కంటెయినర్‌లో వేస్తారు. దీన్ని ఎల్‌సీఎల్ అంటారు. వాడుకున్న చోటుకే డబ్బు కడతారు గనక చవకే. కాకపోతే కంటెయినర్ నిండేదాకా ఇక్కడ ఆగాలి, విడదీసేదాకా అక్కడ ఆగాలి. పక్కవాళ్ల సరుకును కస్టమ్స్ ఆపితే మనదీ ఆగుతుంది. ఇంటి నుంచి ఇంటికి రెండు నెలలు అనుకోండి, మూడైనా ఆశ్చర్యపోకండి. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక, చాలా ఓడలు సూయెజ్ కాలువ మానేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి. ఇంగ్లండ్‌కూ, అమెరికా తూర్పు తీరానికీ వెళ్లాల్సిన సామాను అందువల్ల వారం పది రోజులు, అంతకు మించి కూడా ఆలస్యమైంది.

ఇప్పుడు చోటు లెక్కలో ఒక డబుల్ బెడ్ పరుపును చూడండి. 190 సెంటీమీటర్ల పొడవు, 150 వెడల్పు, 15 మందం అనుకుంటే 0.43 సీబీఎం. ఆ చోటులో పుస్తకాల పెట్టెలు పది పడతాయి. కొన్నాళ్లు వాడిన పరుపును సముద్రం దాటించే ఖర్చుతో అక్కడ ఇంకో పరుపు కొనుక్కోవచ్చు. పైగా అమెరికాలో మంచాల కొలతలు వేరు, మన పరుపు అక్కడి మంచానికి అతకదు. దిండ్లూ, ప్లాస్టిక్ బకెట్లూ, బట్టల స్టాండూ ఇదే తీరు. బరువు లేదు కదా అని అందరూ వేసేస్తారు, చోటంతా అవే తింటాయి.

విమానంలో పంపితే బరువు లెక్కే, కానీ అక్కడా చోటును వదిలిపెట్టరు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తారు. వచ్చిన అంకె అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. ఇందాకటి పరుపు తూకం ఎంతైనా సరే, విమానం లెక్కలో అది 71 కిలోలు.

రాయి సంగతి దీనికి తలకిందులు. అల్వాల్‌లో ఒక పెద్దావిడ నన్ను వంటింట్లోకి పిలిచి, కొడుకు వినకుండా అడిగారు. “బిడ్డా, ఈ రోలు మా అత్తది. బరువని వీడు వద్దంటుండు. నిజం చెప్పు, మస్తు పైసలైతయా?” కావని చెప్పాను. ఎల్‌సీఎల్‌లో ఘనమీటరు చోటుకు టన్ను బరువుదాకా సాధారణంగా అదే ధర. ఒక రోలు సామాను మొత్తాన్ని ఆ హద్దు దాటించదు. దానికి దిట్టమైన చెక్కపెట్టె కట్టించాలి, అంతే. ఇత్తడి గంగాళమైతే బోలుగా ఉండి చోటు తింటుంది. అందుకే దాని కడుపునిండా దుప్పట్లూ చీరలూ కుక్కుతాం.

అక్కడి కరెంటు, ఓడలోని వేడి

కరెంటు సామానుకు సూత్రం తేలిక. మన ఇళ్లలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ కూడా అంతే. ప్లగ్గు మారిస్తే మిక్సీ, గ్రైండరు తిరుగుతాయి. అమెరికా, కెనడాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన మిక్సీ అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పనిచేయదు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ మిక్సీ కన్నా బరువు. అక్కడి కరెంటుకు సరిపోయే గ్రైండర్లు అక్కడే దొరుకుతాయి. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్ జాబితాలోంచి కొట్టేయండి. లాప్‌టాప్, ఫోన్ చార్జర్లకు ఈ బెంగ లేదు, అవి ఏ కరెంటుకైనా సర్దుకుంటాయి.

కంటెయినర్ అంటే ఇనుప పెట్టె. ఎండలో లోపల కొలిమిలా కాగుతుంది, రాత్రి చల్లబడితే గాలిలోని తేమ పైకప్పుకు పట్టి చుక్కలుగా కారుతుంది. జరీ చీరలు నల్లబడేది ఈ తేమకే. పట్టు చీరలను ప్లాస్టిక్ కవర్లలో కాకుండా పాత నూలు పంచెల్లో చుట్టమంటాను. మావాళ్లు పెట్టెల్లో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేస్తారు. తోలు సామాను తడి లేకుండా ఆరబెట్టి ఇవ్వాలి. సర్దే ముందురోజు ఉతికిన బట్టలు పూర్తిగా ఆరకుండా పెట్టెలో పెడితే రెండు నెలలకు బూజు తప్పదు.

వీణ ఉన్న ఇల్లయితే ఇంకో జాగ్రత్త ఉంది. వీణ మెట్లు మైనం మీద నిలబడతాయి. ఆ వేడికి మైనం మెత్తబడి మెట్లు కదిలితే, మళ్లీ మేళం కట్టే మనిషి డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో వెంటనే దొరకడు. వీణను ఓడలో వేయకుండా గట్టి పెట్టెలో పెట్టి విమానంలో వెంట తీసుకెళ్లమంటాను. పాత వీణ మీద దంతపు నగిషీ ఉంటే అసలు కదపొద్దు. ఏనుగు దంతాన్ని ఏ దేశపు కస్టమ్సూ ఊరికే వదలదు.

పూజగదిలో కూర్చుని చూడాల్సినవి

నా సర్వేలో ఎక్కువసేపు పట్టేది పూజగది. బయటివాళ్లను లోపలికి రానివ్వడానికి కొందరు సంకోచిస్తారు. గుమ్మంలోనే కూర్చుని, ఒక్కొక్కటీ చూపించమని అడుగుతాను.

విగ్రహాలు మొదటి చిక్కు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన విగ్రహం, లోహపు వస్తువు, చిత్రం లాంటివి పురావస్తువులు. వాటిని సొంతంగా దేశం దాటించడం నేరం. తాళపత్రాలు, చేతిరాత గ్రంథాలకైతే 75 ఏళ్లే హద్దు. తాతగారి తాటాకు కట్టలు అటక మీద ఉన్న ఇళ్లు ఇప్పటికీ తగులుతూనే ఉంటాయి. అవి ఇక్కడే, భద్రంగా చూసుకునేవాళ్ల దగ్గర ఉండాలి. కొత్త విగ్రహమైనా పాతదానిలా నల్లబడి కనిపిస్తే కస్టమ్స్ వాళ్లు సందేహిస్తారు. అలాంటప్పుడు అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. దానికి సమయం పడుతుంది గనక టికెట్లు కొన్న రోజునే ఆ పని మొదలుపెట్టాలి. కొన్న బిల్లు ఉంటే దాచిపెట్టండి.

రెండోది నెమలి పింఛం. కృష్ణుడి పటం దగ్గర పెట్టుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు గానీ, మన దేశం నుంచి పంపడం నిషిద్ధం. పులిగోరు, జింక చర్మం అయితే ఓడ సంగతి అటుంచి, తగిన ధ్రువపత్రం లేకుండా ఇంట్లో ఉండటమే 1972 నాటి వన్యప్రాణుల చట్టం కింద చిక్కు. ఎర్రచందనం బొమ్మల మీద కూడా కఠినమైన ఆంక్షలున్నాయి. కొండపల్లి బొమ్మలకు, ఏటికొప్పాక లక్కపిడతలకు ఆ బెడద లేదు. అవి పురుగు తొలవకుండా ఉన్నాయో లేదో చూసి, చెక్కబొమ్మలని జాబితాలో రాస్తే చాలు.

మూడోది కర్పూరం. మనకు హారతి, ఓడవాళ్లకు మండే సరుకు. అగ్గిపెట్టెలు, అత్తరు సీసాలు, స్ప్రే డబ్బాలు, విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు కూడా ఇదే గాటన పడతాయి. ఒక్క డబ్బా కోసం మొత్తం సామాను ఆగిపోగలదు.

పోపులపెట్టెకు ఓడలో చోటు లేదు

తినే వస్తువు ఏదీ ఓడ సామానులో వద్దని ప్రతి ఇంట్లోనూ చెబుతాను. నూనె కారి పక్క చీరలు పాడవుతాయని కొందరు ఊహిస్తారు. అదీ నిజమే, అసలు కారణం మాత్రం పురుగు. ధాన్యాన్ని తినే ఖప్రా అనే చిన్న పురుగు మన ప్రాంతంలో ఉంది. దాని లార్వా తిండి లేకుండానే ఏళ్ల తరబడి పెట్టె మూలల్లో బతికి ఉండగలదు. నిల్వ ధాన్యానికి ముప్పని ఆస్ట్రేలియా 2020లో గట్టి నిషేధం పెట్టింది. బియ్యం, కందిపప్పు, శనగలు, పెసలు, వేరుశనగ, ధనియాలు, జీలకర్ర, సోంపు, ఎండుమిర్చి లాంటివి విడిగా పంపే ఇంటి సామానులో గానీ, ప్రయాణికుల సూట్‌కేసులో గానీ ఉండకూడదు. మన పోపులపెట్టెలో చాలా గిన్నెలు ఆ జాబితాలో ఉన్నట్టే. అమెరికా కూడా ఖప్రా ఉన్న దేశాల బియ్యాన్ని సామానుతో రానివ్వదు.

పోపులపెట్టె ఖాళీ చేసినంత మాత్రాన సరిపోదు, కడిగి ఆరబెట్టాలి. బియ్యం డ్రమ్ము అంచుల్లో, పిండి జల్లెడ సందుల్లో, మిక్సీ అడుగున గింజలు దాగి ఉంటాయి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వెళ్లేవాళ్లు బూట్ల అడుగున మట్టి, సైకిల్ చక్రాల మధ్య బురద, తోటపని పారలు, వెదురు చాటలు, బుట్టలు కూడా చూసుకోవాలి. అక్కడి అధికారికి మట్టి కనిపిస్తే శుభ్రం చేయించే ఖర్చు మీదే. కుదరకపోతే తగలబెడతారు. రుద్రాక్ష కూడా విత్తనమే. దాచిపెడితే తప్పు, జాబితాలో రాస్తే చూసి నిర్ణయిస్తారు.

దేశానికో కాగితం

వాడిన ఇంటి సామానుకు సుంకం లేకుండా చాలా దేశాలు వదిలేస్తాయి. ఆ సౌకర్యం దక్కాలంటే దేశానికో షరతు. అమెరికాకు వెళ్లే ఫర్నిచరు, గిన్నెలు, తివాచీల లాంటివి బయట దేశంలో కనీసం ఏడాది వాడినవై ఉండాలి. 3299 నంబరు ఫారం నింపాలి. సరుకు వివరాలు ఓడ ఎక్కడానికి 24 గంటల ముందే అక్కడి కస్టమ్స్‌కు చేరాలి. ఆస్ట్రేలియాలో కూడా 12 నెలలు సొంతంగా ఉంచుకుని వాడిన సామానుకే మినహాయింపు. ఇంగ్లండ్ వెళ్లేవాళ్లు టీఓఆర్-1 దరఖాస్తు పెట్టి ముందే అనుమతి తెచ్చుకోవాలి. అక్కడ వస్తువు ఆరు నెలలుగా మీ దగ్గరుండి, మీరు వాడుతున్నదైతే చాలు.

ఎక్కువమంది ఇబ్బంది పడేది కెనడా విషయంలో. మనుషులు ముందు విమానంలో దిగుతారు, సామాను వెనక ఓడలో వస్తుంది. దిగిన రోజే విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారికి, వెనక రాబోయే సామాను జాబితాను విలువలతో సహా చూపించి, ముద్ర వేయించుకోవాలి. ఆ రోజు అందులో లేని వస్తువు మూడు నెలల తర్వాత ఓడలో వస్తే, దానికి సుంకం పడొచ్చు. విమానం దిగిన అలసటలో, పిల్లల ఏడుపుల మధ్య ఈ కాగితం ఎక్కడుందో వెతుక్కోవడం జరిగే పని కాదు. పాస్‌పోర్టుల కవర్లోనే పెట్టుకోండి.

అన్ని దేశాలకూ వర్తించే సంగతి ఒకటుంది. పెళ్లి కానుకగా వచ్చి, అట్టపెట్టె కూడా విప్పని డిన్నర్ సెట్టును వాడిన సామాను కింద రాయకూడదు. కొత్తది కొత్తదనే రాయాలి. ‘వంటసామాను, ఇతరములు’ అని రాసిన పెట్టెనే అధికారులు ముందు విప్పుతారు. ‘స్టీలు గిన్నెలు 12, ఇడ్లీ పాత్ర 1, అట్లపెనం 1’ అని రాసిన పెట్టె మీద అనుమానం తక్కువ. అమెరికాలో పరీక్షకు కంటెయినర్ విప్పితే ఆ ఖర్చు సామాను సొంతదారుడే భరించాలి.

సనత్‌నగర్ నుంచి సముద్రానికి

హైదరాబాద్‌కు సముద్రం లేకపోయినా సనత్‌నగర్‌లో కంటెయినర్ డిపో ఉంది. కస్టమ్స్ పని అక్కడే ముగుస్తుంది. సీలు వేసిన కంటెయినర్ ఎక్కువగా రైలు మీద ముంబై దగ్గరి నవాషేవా రేవుకు వెళుతుంది. కోస్తా జిల్లాల వాళ్లకు విశాఖ, చెన్నై రేవులు దగ్గర.

గాజు, రాయి, టీవీ లాంటివాటికి కట్టే చెక్కపెట్టెల మీద కంకి బొమ్మతో ఒక ముద్ర ఉందేమో చూడండి. చెక్కలో పురుగు లేకుండా నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడిని కనీసం 30 నిమిషాలు పట్టించారనో, మందు పొగ వేశారనో దాని అర్థం. ముద్ర లేని పచ్చి చెక్కను అవతలి రేవులో వెనక్కి పంపేయవచ్చు. ప్లైవుడ్‌కు ఈ నిబంధన లేదు.

మీరే సర్దిన పెట్టె ఉంటే మా జాబితాలో దాని పక్కన పీబీఓ అని రాస్తాం. సొంతదారు సర్దిందని అర్థం. అందులో పగిలినదానికి బీమా మామూలుగా రాదు. బట్టలూ పుస్తకాలూ మీరు మడిచి ఇవ్వండి, పెట్టెలో పెట్టడం మాత్రం మావాళ్లకు వదిలేయండి. సర్టిఫికెట్లు, బంగారం, మందులు, భూమి కాగితాలు ఓడ సామానులో వేయనే వేయొద్దు. అవి మీ చేతి సంచిలోనే వెళ్లాలి.

బీమా అనవసరమనిపించినప్పుడు

“ఇన్ని ఓడలు తిరుగుతున్నాయి, మనదే మునుగుతుందా?” అని ఇంటాయన నవ్వుతారు. 2025 మే 25న ఎంఎస్‌సీ ఎల్సా-3 అనే ఓడ మన కొచ్చి తీరానికి దగ్గర్లోనే మునిగింది. అందులో 640 కంటెయినర్లున్నాయి. కొన్ని కేరళ తీరానికి కొట్టుకొచ్చాయి. ఓడ కంపెనీ బాధ్యతకు పెట్టెకింత, కిలోకింత అని చట్టం ఒక హద్దు గీసింది. అది మీ సామాను అసలు విలువకు చాలా దూరంలో ఉంటుంది.

ఓడ మునగకపోయినా మీకు బిల్లు రావచ్చు. ప్రమాదంలో ఓడనూ సరుకునూ కాపాడటానికి ఖర్చయితే, దాన్ని ఓడ యజమానితో పాటు సరుకు యజమానులంతా తలా కొంత భరించాలన్నది సముద్ర వాణిజ్యంలో పాత ధర్మం. 2021 మార్చిలో సూయెజ్ కాలువలో ఎవర్ గివెన్ అనే ఓడ ఆరు రోజులు ఇరుక్కున్నప్పుడు ఇదే ప్రకటించారు. సరుకు యజమానులు హామీ చూపిస్తేనే కంటెయినర్లు విడిచిపెట్టారు. బీమా ఉన్నవాళ్ల తరఫున బీమా కంపెనీ ఆ హామీ ఇస్తుంది, లేనివాళ్లు చేతి నుంచి పెట్టుకోవాలి.

బీమా చేయించేటప్పుడు రెండు చూడండి. మొత్తం పోతేనే ఇచ్చే పాలసీనా, పగిలినా ఇచ్చేదా? విలువ ఎలా వేశారు? ప్రీమియం తగ్గుతుందని లక్ష రూపాయల సామానును యాభై వేలని రాస్తే, పది వేల వస్తువు పగిలినప్పుడు ఐదు వేలే చేతికొస్తాయి.

కొటేషన్లో లేని మాటలు

చివరగా ధర. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకుంటే ఒకటి మిగతావాటి కన్నా బాగా తక్కువ ఉంటుంది. అది అవతలి రేవు దాకానేనా, ఇంటి గుమ్మం దాకానా అన్నది చదవండి. అవతలి రేవు ఛార్జీలు, కస్టమ్స్ క్లియరెన్సు, ఇంటికి చేర్చే లారీ, మెట్లెక్కించే కూలి, ఖాళీ అట్టపెట్టెలు తీసుకెళ్లడం – ఇవి అందులో ఉన్నాయా లేవా అని ఒక్కొక్కటీ రాతపూర్వకంగా అడగండి. లేని ప్రతి మాటకూ అక్కడ డాలర్లలో కట్టాలి. సర్వే కూడా లేకుండా, ఫోన్లోనే ధర చెప్పేసి అడ్వాన్సు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి. ఇల్లు చూడకుండా చోటు లెక్క కట్టలేరు, తర్వాత కొలత పెరిగిందని అదనంగా అడుగుతారు. పంపే కంపెనీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ దగ్గర బహుళవిధ రవాణా రిజిస్ట్రేషన్ ఉందా, లేక అలాంటి సంస్థ ద్వారా పంపుతోందా అడిగి, నంబరు చూపించమనండి. అమెరికా వైపు పనిచేసే ఏజెంటు లైసెన్సును అక్కడి ఫెడరల్ మారిటైమ్ కమిషన్ జాబితాలో ఎవరైనా చూసుకోవచ్చు.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే ఒక్క పని చేయండి. వీసా వచ్చిన వారంలోనే ఒక నోటుబుక్కు కొని, గదికో పేజీ కేటాయించండి. ప్రతి వస్తువు పక్కన ఎప్పుడు కొన్నారో, విలువెంతో, అక్కడ దొరుకుతుందో లేదో రాయండి. అక్కడ దొరికేదాన్ని ఇక్కడే పంచిపెట్టేయండి. అనుమతి కావాల్సినదాన్ని విడిగా గీసి పెట్టుకోండి. మాలాంటివాళ్లు సర్వేకు వచ్చినప్పుడు ముందు ఆ పుస్తకం చూపించండి. ఖర్చు తగ్గడం మీరే చూస్తారు.